రిమార్కుల గడి

షాద్‌నగర్ దాటాక ఎడమకు మట్టిదారి.
మే నెల, రాత్రి పదకొండు.
గాలి ఇంకా పొయ్యి మీంచి దిగలేదు.
నా చేతిలో పదకొండు పేజీల ఫారం,
అమోనియా మీటరు, టార్చి,
మెడలో కంపెనీ కార్డు.
అందులో ఫొటో నాదే గాని నవ్వు నాది కాదు.

అంజిలయ్య తడిపిన గోనెపట్టాలు
షెడ్డు పక్కలకు వేలాడదీస్తున్నాడు.
తలుపు తీస్తే నేల కదిలింది తెల్లగా.
ఐదు వేల కోళ్లు,
అన్నీ నోళ్లు తెరుచుకుని రొప్పుతూ.

మీటరు చూశాను. పరిమితి లోపే.
నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.
కళ్లకు ఫారంలో గడి లేదు.

ఒక్కో కోడికి చోటెంత?
ఈ కాగితం ఒకటి నేల మీద పరిచి
దాని అంచులు దాటకుండా బతికేయమంటే, అంత.
ఎప్పటి పిల్లలని అడిగాను.
ముప్పై నాలుగు రోజులంది బుగ్గమ్మ.
లెక్కేసుకున్నాను:
కోఠీలో నేను ఈ చెప్పులు కొన్న వారం.
చెప్పులు ఇంకా కరుస్తూనే ఉన్నాయి,
ఈ కోళ్లు అప్పుడే తమ బరువు తామే మోయలేక
కూలబడిపోయాయి.

ఒంటి గంటకు లారీ. ఖలీల్ ముఠా దిగింది.
చేతికి నాలుగేసి, కాళ్లు పట్టి, తలకిందులుగా,
ముంజెల గెలలు దింపుతున్నట్టు.
"రెండు చేతులతో, ఒళ్లు పట్టుకుని"
అని పైకి చదివాను.
ఖలీల్ నవ్వలేదు, కసురుకోలేదు.
"గట్లనే పడ్తం మేడం,
తెల్లారేదాంక ఆగమనుర్రి మీ లారీని.
మాకు క్రేటుకింత ఇస్తరు, గంటకు కాదు."
అయినా ఒకదాన్ని పట్టాడు అలాగే,
రొమ్ముకు ఆనించుకుని,
బస్సులో నిద్రపోయిన పిల్లను దింపుకున్నట్టు.
ఫొటో తీసుకున్నాను. ఏడో పేజీ, టిక్కు.
వీపు తిప్పగానే మళ్లీ నాలుగు.
చప్పుడు చెప్పింది.

రెండో షెడ్డులో ఆరు ఫ్యాన్లు, తిరిగేవి నాలుగు.
మూల బస్తాలో చచ్చినవి.
లెక్కపెట్టాను, ఆపేశాను,
మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.
చివరి పేజీ చివర రిమార్కుల గడి,
అగ్గిపెట్టెంత.
మూడేళ్లుగా "ఏమీ లేవు" అని రాసే చోట
"రెండో షెడ్డు ఆపాలి" అని రాశాను.

ఆ మూడు మాటలు నాకంటే ముందే నగరం చేరాయి.
మర్నాడు సాయంత్రం కూకట్‌పల్లి దుకాణంలో
మోతీలాల్ స్కెచ్ పెన్నుతో
"బోన్‌లెస్ లేదు" అని అట్టముక్క మీద రాస్తున్నాడు.
పుట్టినరోజు పిల్లాడొకడు, ఐదేళ్లట,
కాగితం కిరీటం పెట్టుకుని ఏడుస్తున్నాడు.
"కోడి లేని కోళ్ల దుకాణమేందయ్యా" అని వాళ్ల నాన్న.
డబ్బా మీద మాత్రం ఉంది కోడి.
ఎర్ర తురాయి, కాళ్ల కింద పచ్చిక,
వెనకాల పొద్దు పొడుస్తూ.
నాకు తెలిసిన కోళ్లలో
పొద్దు చూసింది అదొక్కటే.

అబద్ధమెందుకు,
నా భుజం నేనే తట్టుకోబోయాను.
అంతలో ఫోను. అంజిలయ్య.

"మేడం, మీరు రాసింది తప్పని అంట లేను.
పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది.
కంపు నాది.
ఆపిన రోజు దాణా గూడ నా లెక్కలనే పడ్డది.
ఫ్యాను మోటరు కాలిందని
పోయిన నెలనే చెప్పిన సూపర్‌వైజరుకు.
మీ కాగితంల గాలి ఆడుతుందా అని అడిగిర్రు గద,
ఆ గాలి పైసలు ఎవలియని అడిగిర్రా?"

పదకొండు పేజీలూ తిప్పాను,
నూనె వాసనలో, నిలబడే.
"లేదు అంజిలయ్యా" అన్నాను.
ఆయన మాట్లాడలేదు. పెట్టేయనూ లేదు.
ఫోను వెనక ఫ్యాన్లు తిరుగుతున్నాయి.
నాలుగే.

మోతీలాల్‌ని స్కెచ్ పెన్ను అడిగి
మార్జిన్‌లో గడి ఒకటి గీశాను.
స్కేలు లేదు, వంకరగా వచ్చింది.
మిగతా గడులకన్నా పెద్దగా.