గురివింద గింజలో పావు

రొయ్యల చెరువు తవ్వుతుంటే
పద్నాలుగు అడుగుల కింద
పొక్లెయిన్ పంటికి తగిలిందట.
ఇనుమనుకున్నాడు డ్రైవరు.
మొద్దు. నల్లగా, మెత్తగా,
తడిసిన తాటిబెల్లంలా.

తడిగోనె చుట్టి పడవలో తెచ్చారు,
తాళ్ళరేవు ఐస్ ఫ్యాక్టరీ వెనక
నాకిచ్చిన గదికి.
చెరువు ఆసామికి ఒకటే దిగులు:
"తవ్వకం ఆపెయ్యమంటారా ఏంటండీ?"

పడవలు కట్టే కామాడి నూకయ్య
పనిగట్టుకొచ్చి వాసన చూశాడు.
"తిల్ల కాదండి. తిల్లయితే
ఈపాటికి మీ కళ్ళు మండిపోను.
ఇది ఉరడ. ఆయ్."
ఆ 'ఆయ్'తో పాటే
బీడీ నుసి రాలింది మొద్దు మీద.

ఆ మూల కోసి పక్కన పడేశాను.
"నా నుసెంతండీ!"
ఎంతైనా అది ఇవాళ్టిది, తాతా.

నా పనల్లా ఇంతే:
చెట్టు పోయాక వచ్చి చేరిందేదీ
దానిలో మిగలకూడదు.
బెరడు పక్క ఆఖరి పొరే కావాలి.
నడిమిది దాని చిన్నతనం,
చావు సంగతి దానికేం తెలుసు?

పట్టకారుతో లాగాను
వెంట్రుకంత మడవేరు,
పచ్చిది, ఇంకా తాగుతోంది.
ఇంకోటి లాగితే
అది నా వెంట్రుకే.

ఆమ్లం పొయ్యగానే
ఎక్కడో ఇరుక్కున్న గుల్ల బుసబుస పొంగింది.
తర్వాత క్షారం.
మొదటి కడుగు శ్రావణపు గోదారి,
మూడోది భాద్రపదం,
ఏడోసారికి గానీ కార్తీకం రాలేదు.
మళ్ళీ ఆమ్లం,
క్షారం ఊరికే ఉండదు,
ఈ గదిలో గాలిని కూడా పీల్చుకుంటుంది,
నా ఊపిరితో సహా.

ఇక్కడి బోరునీళ్ళు ఉప్పు.
కాకినాడ నుంచి డబ్బాల్లో తెచ్చిన నీళ్ళతో
వంచుతూ పోస్తూ, వంచుతూ పోస్తూ,
కాగితం ఎరుపూ నీలమూ కానిదాకా.
నడుమ రెండుసార్లు కరెంటు పోయింది.
పొయ్యి చల్లారింది, నేను తిట్టుకున్నాను.

తెల్లారి తూచాను:
ముప్పై మిల్లీగ్రాములు.
గురివింద గింజలో పావు.
రేకులో మడిచి, పెన్సిలుతో నంబరు రాసి
సీసాలో వేశాను.

"ఎన్నేళ్ళదంటారు?"
తెలీదు. కబురు రావడానికి నాలుగు నెలలు.
"అంత కడిగీ?"
అంత కడిగీ.

నూకయ్య కాసేపు నిలబడ్డాడు.
వంగి, నిన్న నేను పారేసిన మూల తీసి
గోరుతో గీకి, రుమాల్లో చుట్టి
మొలలో దోపుకున్నాడు.
"మీ లెక్కకి రాదన్నారు కదండీ.
మరి నా లెక్కకొచ్చింది."