నలభై రెండో చీటీ

పోర్టు నుంచి లేచే నల్లపొడి
మా బడి కిటికీల మీద రోజూ హాజరు వేయించుకుంటుంది.
పదో తరగతి, ఏడో పీరియడు.
లెక్కల మాస్టారు సెలవు.
తెలుగు చెప్పేదాన్ని, నన్ను పంపారు.

టిఫిన్ డబ్బా కడిగి బల్ల మీద పెట్టాను.
"పేర్లొద్దు. చీటీ మీద ఒక్క మాట రాయండి.
ఇష్టమైన మనిషి దగ్గర
నోటిదాకా వచ్చి మింగేసిన మాట."

నవ్వులు. మోచేతి పోట్లు.
వెనక బెంచీలోంచి ఎల్లాజీ
"మింగితే ముల్లు దిగబడిపోద్ది టీచరుగారూ" అన్నాడు.
పొద్దున్నే హార్బర్లో చేపల బుట్టలు దించి వచ్చే పిల్లాడు,
ముల్లు సంగతి వాడికి తెలుసు.
"అందుకేరా, కక్కెయ్" అన్నాను.

డబ్బా తిరిగొచ్చింది. ఒక్కోటీ విప్పి చదివాను.

లొకేషన్ పెట్టమంటాడు. పెడతాను.
మా నాన్నయినా అంత అడగడు.

బీచ్‌లో బజ్జీలకి డబ్బులు నేనిస్తానంటే
నా పరువేం కావాలన్నాడు.
ఆ రోజు నుంచి ఆకలి లేదనే చెప్తున్నాను.

ఆ అమ్మాయి ఒద్దంది. ఏడుపు వినపడకుండా
బాత్రూములో కుళాయి విప్పుకున్నాను.
బకెట్టు పొర్లిపోయింది.
అమ్మ నీళ్ళ గురించి తిట్టింది.

ఆడు నన్ను కొట్టలేదు.
కొట్టగలనని తెలిసేలాగ నవ్వుతాడు.

ఫ్యాను చప్పుడు అప్పుడే మొదలైనట్టు వినపడింది.

"అడిగేది మగాడని, సర్దుకునేది మంచిపిల్లని
మీకెవరు చెప్పారు?"
"ఎవలూ చెప్పలేదు టీచర్.
అలగే ఉంటాది కదా."

కిటికీ గట్టు మీద వేలు రాసి చూపించాను.
"ఇదీ ఇలాగే ఉంటుందనుకున్నాం.
పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం కాబట్టి
గాలికి రంగే ఇదనుకున్నాం.
కానీ ఎక్కడో ఒక గుట్ట ఉంది.
ఎవరో దించుతున్నారు.
దించినందుకు ఎవరికో లాభముంది."

బాగా చెప్పాననే అనుకున్నాను.
వేలు తుడుచుకుంటున్నాను కూడా.

లోవకుమారి లేచి నిలబడింది.
"మరి ఆ పొడి తుడవమని
రోజూ మమ్మల్నే పిలుస్తారేటి టీచరుగారూ?"

తరగతి మొత్తం నా వైపు తిరిగింది.
"బెంచీలకి మమ్మల్నే" అన్నాడు ఎల్లాజీ.
మూడో వరసలో బక్కపల్చటి శ్రీకూర్మం
"నాకు నడుం నొప్పెడతాది" అన్నాడు,
అని, చెప్పకూడనిది చెప్పేసినట్టు
చొక్కా బొత్తాం వైపు చూసుకున్నాడు.

పద్నాలుగేళ్ళ సర్వీసు.
ఎన్ని సంధులు విడదీశాను!
ఆడపిల్లలూ చీపురూ, మగపిల్లలూ బెంచీలూ,
ఈ సమాసం మాత్రం
చూడకుండానే కలుపుతూ వచ్చాను.

సుద్దముక్క చేతిలో నలిగింది.
"నిజమే" అన్నాను. అంతకంటే తోచలేదు.

"అడుగున ఇంకోటుంది టీచర్."

పిల్లలు నలభై ఒక్కమంది.
చీటీలు నలభై రెండు.
మడత చూస్తేనే తెలిసింది.
డబ్బా తిప్పే ముందు, ఏదో ఆట మొదలెట్టినట్టు
నేనే వేసింది.

చదవకుండా కొంగులో దాచుకోవచ్చు.
వాళ్ళని కక్కమని, నేను మింగొచ్చు.

జీతం నాది.
ఏటీఎం కార్డు ఏ రంగో గుర్తులేదు.

ఎవరూ నవ్వలేదు.
"ఇది పెద్దోళ్ళదెవలిదో" అన్నాడు ఎల్లాజీ, మెల్లగా.
లోవకుమారి నన్ను సూటిగా చూసి
చూపు దించేసుకుంది, మర్యాదకి.
ఆ మర్యాదా నేను నేర్పిందే.

గంట కొట్టారు.
హార్బర్ వైపు ఏదో ఓడ కూత పెట్టింది.
గుడ్డ కిటికీ మీదే ఉంది. ఎవర్నీ పిలవలేదు.

పుస్తకాలు సర్దుకుని లేచేసరికి
గట్టు మీద, పొడిలో, వేలితో రాసిన అక్షరాలు:

ఏ రంగో కనుకోండి టీచర్

క కింద వత్తు పోయింది.
దిద్దలేదు.