వేలిని నమ్మకు

మూడేండ్లు ఊడ్సిన.
సీబు అవతల, ఇసుక కట్టను ఆనుకున్న క్లబ్బుల
సాహెబులు పేల్చి పోయినంక
సిమెంటు మీద ఇంకా వేడిగుండే ఇత్తడి గొట్టాలను
ఒక మూలకు తోలుడే నా కొలువు.
శుక్రారం అయితే రెండు బకెట్లు.

పోయిన నెల దాద్ కరీం లోపలికి పిలిచిండు.
బలూచి ముసలాయన, గడ్డానికి గోరింటాకు.
"లింబాద్రీ, చేతులు కడుక్కో.
సిగరెట్టు, ఫోను బయట గూట్లె పెట్టి రా."

తాళమున్న అర్ర.
గోడకు అద్దంల లైసెన్సు కాగితం.
ఫ్యాను బందు,
గాలి కదిలితే త్రాసు అబద్ధమాడుతదట.

వారం దాకా మందు ముట్టనియ్యలే.
ఇత్తడే ఇత్తడి.
అక్రోటు పొట్టుల వేసి డ్రమ్ము తిప్పితే
మసిగొట్టాలు పెండ్లి చెంబుల లెక్క బయటికొచ్చినయ్.
ఒక్కొక్కటి దీపం కాడ తిప్పి చూసుడు,
పెదవి చీలిందా, నడుముకు గీత పడ్డదా.
ఉంటే డబ్బాల పారేసుడు, బేరం లేదు.
మా మెట్‌పల్లి కార్ఖానల ఛాట్ తీసే మునీం ఇట్లనే,
కట్టకు నాలుగు బీడీలు ఇరిచి పారేస్తుంటే
మా భూలక్ష్మి మాట నోట్లెనే మింగేది.

నాకు నవ్వొచ్చింది.
ఇదీ బీడీ చుట్టుడే గద,
ఆకు కాడ ఇత్తడి, తంబాకు కాడ మందు,
ఆఖరుకు మూతి మలుపుడు.

దాద్ కరీం నవ్వలే.
సొరుగుల నుంచి ఒక గుడ్డమూట తీసి ఇప్పిండు.
పిస్తోలు. పత్తికాయ పగిలినట్టు పగిలి ఉన్నది.
"ఒక్కదాంట్లె రెండుసార్లు పోసిన.
చాయ్ తాగుతవా అని ఎవరో అడిగిండ్రు, గంతే.
పోసింది నేను.
పట్టుకున్నది ఇంకొకడు."
ఎవరని నేను అడగలే.

ఇయ్యాల మొదటిసారి మందు.
చెక్కపలక గుంటలల్ల యాభై గొట్టాలు నిలవెట్టిన.
ఎంత పొయ్యాల్నో పుస్తకం చెప్తది, నా మనసు కాదు.
ముప్పై ఒకటి. ముప్పై రెండు.
బయట గూట్లె ఫోను మోగింది.
అది ఆమె మోత, నాకెరుకే.
చెయ్యి ఆగలే, మనసు ఆగింది.
ఏది పోసిన? ఏది పొయ్యలే?
ముసలాయన ఏమనలే.
ఖాళీ డబ్బా నా దిక్కు జరిపిండు.
అన్నీ ఒంపిన. యాభైకి యాభై.

రాత్రి క్యాంపుల పై మంచం మీంచి మాట్లాడిన.
"గంత సేపు ఏం జేస్తున్నవ్?"
చెప్పిన.
కాగితం మీది గుండ్రాలనే కొడ్తరు, మనుషులను కాదని కూడ
అడగకముందే చెప్పిన.
ఆమె చాటల ఆకు కత్తిరిస్తనే ఉన్నది, కండ్లు నా దిక్కు.
"తంబాకు ఎంతెయ్యాల్నో నీకెట్ల ఎరుక?"
"వేలికి ఎరుక" అన్నది.

రోజుకు ఎనిమిది నూర్లు, ఇరవై రెండేండ్లు.
ఎందుకు ఎరుకుండదు.
నా వేళ్లు నేను చూసుకున్న, చీపురు కాయలు కాసినయ్.
వీటికి ఏం తెల్వదు, తెల్వద్దు కూడ.
రేపు టార్చి పట్టుకొని
యాభై నోళ్లల్లకు ఒక్కొక్కటిగ వంగి చూడాలె,
మందు ఒక్క ఎత్తుల ఉన్నదా అని.

ఫోను పెట్టేసే ముందు అడిగింది,
"ఇయ్యాల ఎన్నైనయ్?"
"ఒక్కటి గూడ కాలే."
"మంచిగైంది" అన్నది,
ఎందుకో.