సగం సున్న

బెంటా ఆలో ఒళ్లో అట్ట, అట్ట మీద గళ్ల కాగితం,
బొటనవేలి కింద స్టాప్‌వాచ్.
రెండో తరగతి పిల్ల ఒక్క నిమిషంలో
ఎన్ని మాటలు చదువుతుందో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం.
తప్పిన మాట మీద అడ్డగీత.
మూడు సెకన్లు ఆగిపోతే తర్వాతి మాట చూపించాలి.
మొదటి వరస మొత్తం పోతే
సున్న చుట్టి, మంచిదమ్మా అని పంపెయ్యాలి.
నవ్వొచ్చు. సాయం చెయ్యకూడదు.

హోమాబే దాటాక సరస్సు వారన రేకుల బడి.
గోడ అవతల పాత వలల మీద ఒమెనా చేపలు
వెండి రజనులా ఎండుతుంటాయి, కంపు కొడుతూ.
వాన మొదలైతే రేకుల కింద ఏ పాఠమూ వినబడదు.
ఒడెంబో మాస్టారు అప్పుడు పెదాలు మాత్రం కదుపుతాడు.
ఎనభై ఒక్కమంది ఆ పెదాలనే చదువుతారు.

ఆ పూట తొమ్మిదో పేరు అకెయో.
మోకాలి మీద పక్కు కట్టిన దెబ్బ.
కాగితం ముందుకొచ్చింది. మీట నొక్కుకుంది.

అకెయో వేలు పెట్టింది. తీసేసింది.
మూడు సెకన్లు.
తర్వాతి మాట. మూడు సెకన్లు.
పెన్సిలు సున్న కోసం వంగింది,
సగం గుండ్రం పడింది కూడా.
అప్పుడా పిల్ల రెండు చేతులా కాగితం పట్టుకుని
కంచం తిప్పినట్టు తిప్పి
తలకిందులుగా పెట్టుకుంది.

చదివింది.
కింద నుంచి పైకి, కుడి నుంచి ఎడమకి,
కూడబలుక్కోకుండా, పొల్లు పోకుండా.
మేక తాడు తెంపుకుంది.
మేక నీళ్ల వైపు పోయింది.
ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

తెలియడాన్ని వాళ్ల లువో భాషలో ఙెయో అంటారు.
మనకి ఙ ఎవరు?
క ఖ గ ఘ తర్వాత గోడవార కూర్చున్న అక్షరం.
పలక మీద దిద్దించి, చెయ్యి నొప్పి పుట్టించి,
ఎక్కడో వాఙ్మయంలో తప్ప
మళ్లీ ఏ పనీ చెప్పం దానికి.
అక్కడ తెలుసుకోవడం దానితోనే మొదలు.
అకెయో ముక్కుతో, గొంతుతో దాన్ని అవలీలగా పలికింది.

నలుగురికి ఒక పుస్తకం.
బల్లకి ఇద్దరిటు, ఇద్దరటు.
ఒకటో తరగతి నుంచీ ఆ పిల్ల చోటు అటు.
పుస్తకానికి తల ఎక్కడో కాళ్లెక్కడో
ఆమెకెవరూ చెప్పలేదు.
అందరూ ఒకే గొంతుతో చదివే గదిలో
ఎవరి కన్ను ఎటు నడుస్తోందో
మాస్టారికి మాత్రం ఏం కనబడుతుంది?

దీనికి గళ్లలో చోటు లేదు.
బెంటా చాలాసేపు పెన్సిలు కొన కేసి చూసింది.
సగం సున్నని రెండంకెగా లాగి
పక్కన మూడు వేసింది. ఇరవై మూడు.
అలా వెయ్యొచ్చో లేదో ఆమెకిప్పటికీ తెలియదు.

"మేక దొరికిందా?" అంది పిల్ల.
కథ అంతవరకే ఉంది.
అకెయో కాగితం వెనక్కి తిప్పి చూసుకుంది.
తెల్లగా ఉంది.

ఆ సాయంత్రమే ఒడెంబో బల్లలన్నీ జరిపాడు,
నలుగురూ ఒకే వైపు కూర్చునేట్టు.
మోచేతులు గుచ్చుకున్నాయి, రెండు తగాదాలయ్యాయి,
ఒకడు కింద పడ్డాడు.
వానలు వెళ్లేవేళకి ఒక అట్టపెట్టె వచ్చింది.
ఇప్పుడు ఇద్దరికో పుస్తకం.

బెంటా మళ్లీ వచ్చేసరికి
అకెయో కాగితాన్ని ఉన్నదున్నట్టే ఉంచి చదివింది.
పంతొమ్మిది.
నాలుగు తగ్గాయి.
కళ్లు కొత్త దారిలో నడక నేర్చుకుంటున్నాయని
పై ఆఫీసుకి ఏ గడిలో రాయాలి?

ఈసారి కథ వేరు, చేపలమ్మే ఆవిడ, చిరిగిన బుట్ట.
అకెయోకి ఆ బుట్టతో పని లేదు.
కాగితం తిరిగిచ్చేస్తూ, చిన్నగా,
"మరి ఆ మేక?"

బయట పదో పేరు వాడు కాళ్లు మారుస్తున్నాడు.
బెంటా స్టాప్‌వాచ్ జేబులో వేసుకుంది.
"దొరికింది," అంది.
"ఎక్కడంటే..."