తీతువు ఊట

నీళ్ళ నడక అన్నారు.
ఎడింబరోలో, కోట దిగువన, శనివారం పదింటికి
తొమ్మిదిమందిమి గొడుగులేసుకుని నిలబడ్డాం.
చూడ్డానికొచ్చింది నీళ్ళని.
అవేమో నెత్తిన పడుతూనే ఉన్నాయి,
వాటి మొహం ఎవరూ చూడ్డంలేదు.

ఇష్‌బెల్ క్రూక్‌షాంక్‌కి డెబ్బై రెండేళ్ళు.
నీళ్ళ శాఖలో ముప్ఫై ఏళ్ళు రాత్రి డ్యూటీ చేసిందట.
చేతిలో పొడవాటి కర్ర. ఊతానికేమో అనుకున్నాను.
ఆవిడ నడక చూశాక
ఊతం కావలసింది మాకేనని తెలిసింది.

మొదటి బావి దగ్గర ఆగాం.
బావంటే బావి కాదు, రాతి గూడు.
గూటికి ముందు నోరు తెరుచుకున్న ఒక లోహపు మొహం.
ఆ నోట్లో ఎవరో చూయింగ్‌గమ్ అంటించి పోయారు.
"నీళ్ళేవీ?" అన్నాడు ఎర్ర బూట్ల పిల్లాడు.
"మా అవ్వ పుట్టకముందే కట్టేశారు నాయనా."
"మరి చూసేదేంటి?"
"దాహాన్ని" అంది ఇష్‌బెల్, నవ్వకుండా.

ఇరుకు సందు. గోడకీ గోడకీ మధ్య మెట్లు.
ఈ మెట్లమీదే పీపాలు మోసేవారట,
వీపున తోలుపట్టీ, నడుము సగానికి వంగి,
ఏడో అంతస్తుకి, ఎనిమిదో అంతస్తుకి,
పీపాకి ఒక పెన్నీ.
పైకైనా కిందికైనా అదే పెన్నీనా అనడిగాను.
"ఎక్కడా రాసిలేదమ్మా" అంది.
రాయని లెక్కలు మోకాళ్ళకి తెలుస్తాయి.
మెట్టు మధ్యలో అరిగిన గుంట.
నా కాలు సరిగ్గా అందులోనే పడింది, మడమదాకా చల్లగా.

నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చేవో చెప్పింది:
దక్షిణాన కొండవాలు, అక్కడ ఊటలు,
సీసపు గొట్టాల్లో మూడు మైళ్ళ ప్రయాణం.
ఏ గొట్టం ఏ ఊటదో గుర్తుకి ఒక్కో సీసపు జంతువు.
హంస. కుందేలు. నక్క. గుడ్లగూబ.
"ఇంకోటి ట్యూఖిట్."
అదేం పిట్ట?
ఇష్‌బెల్ గొడుగు వంచి, మూతి సున్నాచుట్టి కూసింది.
సందంతా ఒక్కసారి చీకటిపడ్డట్టయింది.
తీతువు!
కదిరిలో ఆ కూత వినబడితే
మావాళ్ళు దీపం తగ్గించి తలుపు గడియ వేసేవాళ్ళు.
గుడ్లగూబా తీతువూ, మాకు రెండూ కీడే.
ఈ ఊరివాళ్ళు ఆ రెండిటి పేరు చెప్పుకుని
కడుపునిండా తాగారు.

చివరి మలుపులో ఇనప మూత.
కర్ర కొస దానిమీద ఆనించి
పైకొస చెవికి పెట్టుకుంది.
అప్పుడు తెలిసింది, అది వినే కర్ర.
లోకం పడుకున్నాక, ఏ గొట్టం ఎక్కడ కారుతోందో
వీధి వీధీ విని పట్టుకునేదట.

మా వీధిలో హుస్సేనమ్మకి కర్ర లేదు.
కుళాయి మూడ్రోజులకోసారి, ఏ అపరాత్రికో.
బిందెల పక్కనే చాప పరుచుకుని
గొట్టానికి చెవి ఆన్చి పడుకునేది.
నీళ్ళకంటే ముందు గాలొచ్చేది, నిట్టూర్చినట్టు.
అది ఆమె ఒక్కదానికే వినబడేది.
"వస్తాండాయ్! లేయండే!"
ఒక్క కేకకి ఇరవై ఇళ్ళు లేచేవి.
ఆమె బిందె మాత్రం ఎప్పుడూ వరసలో చివర.
ఎందుకో అడగలేదు మేమెవరం.

నా వంతొచ్చింది.
కర్ర చెవికి పెట్టుకుంటే ముందు వాన వినబడింది.
తర్వాత నా నెత్తురు.
తర్వాత, చాలా లోపల,
చీకట్లో ఎవరో ఆగకుండా
ఎవరికో ఏదో చెబుతున్నట్టు.

"ఏమంటోంది?" అంది ఇష్‌బెల్.
"వస్తాండాయ్" అన్నాను.
అర్థం అడుగుతుందనుకున్నాను. తలూపింది.

ఎర్ర బూట్లవాడు నా చెయ్యి లాగుతున్నాడు,
నాకూ, నాకూ అని.
ఇచ్చేయాల్సింది.
ఇంకాసేపు ఇవ్వలేదు.