చేతి చమురు

నాలుగున్నరకి లేస్తాను.
నియమం అనుకునేరు, కాదు.
ఆరింటికి కింది అంతస్తు బేకరీలో పిండి కలిపే మిక్సర్ మొదలవుతుంది,
ఆ తర్వాత నా వాక్యాలన్నీ
దాని లయలోనే గిరగిరా తిరుగుతాయి.

మాంటెవిడియోలో జూలై అంటే నడిచలికాలం.
నది మీంచి వచ్చే గాలి కిటికీ సందులు వెతుక్కుంటుంది.
చిన్న సొరబుర్రలో మాతే ఆకు, మరగనివ్వని వేణ్నీళ్ళు, ఉక్కు గొట్టం.
మొదటి గుక్క చేదు. రెండోదీ చేదే.
మూడో గుక్కకి ఒక మాట వస్తుంది.
రోజూ కాదు.

బల్లకి ఒక కాలు పొట్టి.
దాని కింద నా మొదటి నవల, రెండు ప్రతులు.
ఒకటైతే చాల్లేదు.

రోజుకి మూడువందల మాటలు.
లెక్క మందులషాపు రసీదుల వెనక రాసుకుంటాను.
పగలంతా ఆ షాపు కౌంటరు నాదే.
రక్తపోటు మాత్రలకొచ్చే ముసలాయన దగ్గు ఎత్తుకొచ్చి
నాలుగో అధ్యాయంలో గుమాస్తాకిచ్చాను.
ఆయనకి తెలీదు, ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

రెండో నవల. రాసిందీ నేనే, దిద్దిందీ నేనే.
అట్ట మీద బొమ్మ మేనకోడలు మికాయెలా వేసింది.
ఓడ వెయ్యమంటే ఇస్త్రీపెట్టె వచ్చింది,
అదే ఉంచాం.
"కాగితం ధర పెరిగింది సెన్యోరా," అచ్చాఫీసు బెంతాంకుర్ తల గోక్కున్నాడు.
ఎప్పుడైనా తగ్గిందా అని నేనడగలేదు.
మూడువందల ప్రతులు.
వదిలిన చేతి చమురు, పంటి డాక్టరుకి దాచిన డబ్బు.
ఎడమ దవడతో నమలడం మానేశాను.

ఆదివారం త్రిస్తాన్ నర్వాహా సంతలో
కుళాయిలమ్మే హెబెర్‌కీ పిట్టల పంజరాలకీ మధ్య
గోనెపట్టా పరిచి కూచుంటాను.
ఎవరి డప్పు వాళ్ళే కొట్టుకోవాలంటారు.
నాకు డప్పు పట్టుకోవడమే రాదు.
"ఇది మీరు రాసిందా, ఊరికే అమ్ముతున్నారా?"
ఒకమ్మాయి అడిగింది.
"అమ్ముతున్నాను," అన్నాను.
ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలీదు.
ఆమె కుళాయి కొనుక్కుని వెళ్ళింది.

ఆ సాయంత్రమే, తోచక తిరగేస్తుంటే,
రెండువందల పన్నెండో పేజీ.
నూట నలభైలో నేను ఏడుస్తూ పాతిపెట్టిన అనిబాల్
అక్కడ కాఫీ కలుపుకుంటున్నాడు,
చెంచా చప్పుడుతో సహా.
ఏడుసార్లు దిద్దాను.
ఏడుసార్లూ అతని పక్కనుంచే నడిచి వెళ్ళాను.
మంచం కింద అట్టపెట్టెల్లో
దగ్గర దగ్గర మూడువందలమంది అనిబాళ్ళు
కాఫీ తాగుతున్నారు.
వాళ్ళ మీదే పడుకున్నాను ఆ రాత్రి.

రెండు నెలలు ఒక్క మాట రాయలేదు.
రసీదుల వెనక అంతా తెలుపు.
నాలుగున్నరకి మాత్రం మెలకువ వచ్చేది.
కూచుని మిక్సర్ కోసం ఎదురుచూసేదాన్ని.

సెప్టెంబరులో ఒకావిడ వచ్చింది, నిల్దా ఒలాసో.
ఓడరేవులో గుమాస్తాగా చేసి రిటైరైందట.
సంచీలోంచి నా నవల తీసి ఒళ్ళో పెట్టింది.
పేజీ పేజీకీ పెన్సిలు.
కామాలు, జారిపోయిన అక్షరాలు, ఒకచోట తప్పు తేదీ.
"నలభై ఏళ్ళు సరుకుల చీటీలు సరిచూశానమ్మా,
చెయ్యి ఊరుకోదు."

నేను నేరుగా రెండువందల పన్నెండు తిప్పాను.
అంచు ఖాళీ.
"ఇది చూడలేదా?"
"చూశాను.
ఆయన పోయాక రెండు రోజులు పుస్తకం తెరవబుద్ధి కాలేదు.
తర్వాత అలా కాఫీ కలుపుకుంటూ కనిపిస్తే...
మీరు కావాలనే పెట్టారనుకున్నాను.
పెట్టలేదా?"

హెబెర్ ఒక కుళాయిని తుడుస్తూ తుడుస్తూ
మావైపే చూస్తున్నాడు.
నిజం చెప్పొచ్చు. డబ్బిచ్చి కొన్న మనిషి.
"పంచదార ఎన్ని చెంచాలో గుర్తుందా?" అన్నాను.
"రెండు," అంది వెంటనే.

రెండో ముద్రణకి డబ్బులెప్పుడు కూడతాయో,
పన్ను అంతదాకా ఆగుతుందో లేదో.
అప్పుడు అనిబాల్‌ని ఏం చెయ్యాలో కూడా తేల్చుకోలేదు.
ఇవాళ రసీదు వెనక నూట పదకొండు.
రాస్తున్న మాట సగంలో ఉంది,
కింద మిక్సర్ మొదలైంది.