టోపీకి మూడు డాలర్లు

నవంబరు నెల. బ్రిడ్జ్‌టౌన్‌లో చేపల బజారు వెనక సందు.
నా కుట్టుమిషను పక్కన
పోలీసు టోపీలు బస్తాల్లో వచ్చి పడ్డాయి.
పని చిన్నదే: నుదుటి మీది కిరీటం విప్పెయ్యాలి.
టోపీకి మూడు డాలర్లు.
నెలాఖరు అర్ధరాత్రికి రాణి వెళ్ళిపోతుందట.
ఎప్పుడూ ఇక్కడ లేని మనిషి
ఎలా వెళ్తుందో నాకు తెలియదు గాని
గడువు గడువే.

మొదటి టోపీకి గంట పట్టింది.
ఎవరు కుట్టారో, గట్టి చెయ్యి.
బంగారు దారం అడుగున తెల్లదారం,
దాని అడుగున మైనం పట్టించిన నల్లదారం.
లెక్కపెట్టాను, రెండు వందల పధ్నాలుగు కుట్లు.
ఊడదీస్తుంటే
రాజ్యమంటే ఇంతేనా అనిపించింది,
కాసేపటికి, ఇంతుందా అనిపించింది.

అల్రిక్ గిటెన్స్ వచ్చాడు, రిటైరైన పోస్టుమాస్టరు,
ప్యాంటు నడుము వదులు చేయించుకోడానికి.
"గణతంత్రమట! మనల్నెవరైనా అడిగారా, ఇవాడ్నీ?
ఒక్క చీటీ వేయించారా?
మనకి టోపీ పెట్టారు" అన్నాడు
టోపీల మధ్య కూర్చుని.
నిజమే అన్నాను. నోట్లో గుండుసూదులున్నాయి,
అంతకంటే అనలేకపోయాను.
"ఆవిడ మనకేం అపకారం చేసింది?
ఆవిడ మొహం మీద ఎన్ని వేల ముద్రలు గుద్దానో,
ఒక్కనాడు కసురుకుందా?"

సూదులు తీసి డబ్బాలో వేశాను.
అమ్మమ్మ డబ్బా అది, పట్టాభిషేకం నాటి బిస్కెట్లది.
మూత మీద రాణి ఉండేది.
మూడు తరాల బొటనవేళ్ళు తీసీ మూసీ
ముక్కూ పోయింది, కళ్ళూ పోయాయి,
మెడలో హారం ఒక్కటి మిగిలింది.
మేమెవరం తిరగబడలేదు.
సూదులు కావాలి, అంతే.

అమ్మమ్మకి రాణంటే ప్రాణం.
జెండా ఊపడానికి, అరవై దాటాక,
చెప్పులు చేత పట్టుకుని, ఆరేళ్ళ నన్ను లాక్కుంటూ
నాలుగు మైళ్ళు నడిచింది.
ఆ అమ్మమ్మే చెప్పింది,
తన ముత్తాత పేరు కావాలంటే
తోట లెక్కల పుస్తకంలో వెతకాలని.
కంచరగాడిదల కింది వరసలో ఉంటుంది,
పక్కన వెల.
పుస్తకం అట్ట మీద కిరీటం.
రెండూ ఒక్క నోటితోనే చెప్పింది,
మధ్యలో ఓ గుక్క మాబీ తాగి.

ఇదంతా గిటెన్స్‌తో అనలేదు. అన్నదల్లా,
"కిరీటం ఓడ దిగిన రోజున
చీటీలు వేయించారా?"
"అది వేరు" అన్నాడు.
అవును, అది వేరే.
చెరుకు నరికేశాక మట్టిలో మిగిలి
మళ్ళీ చిగురేసే వేరు.

సాయంత్రం టోపీల కోసం కానిస్టేబుల్ షనీల్ వచ్చింది.
ఇరవై రెండేళ్ళ పిల్ల.
ఒకటి పెట్టుకుని నా అద్దంలో చూసుకుంది.
"ఇక్కడ ఏమొస్తుంది ఆంటీ?"
కొత్త బిళ్ళలు జనవరికి గాని రావట, అందాకా ఖాళీ.
ఖాళీ కాదు, చూడమన్నాను.
గుడ్డంతా ఎండకి వెలిసి బూడిదరంగుకి తిరిగింది.
కిరీటం కూర్చున్న మేర మాత్రం
మగ్గం దిగిన నాటి నలుపు.
కిరీటం ఆకారంలోనే ఉంది, ఒప్పుకుంటాను.
చుట్టూ చిల్లులు.
వేలితో తడిమి, "పూడతాయా ఇవి?" అంది.
తెలియదన్నాను. మీ లాఠీలు కూడా మారుస్తారా అని అడిగాను.
నవ్వింది.
"లాఠీ మీద కిరీటం లేదుగా ఆంటీ,
అదెందుకు మారుస్తారు!"

చీకటి పడ్డాక గిటెన్స్ ప్యాంటు పట్టుకెళ్ళాడు.
పట్టుకెళ్ళినవాడు గుమ్మంలో ఆగి
కుప్పలోంచి ఒక్క కిరీటం ఇవ్వవా అన్నాడు,
చిన్నపిల్లాడిలా, నన్ను చూడకుండా.
ఏరి, దారాలు దులిపి, మంచిదే ఇచ్చాను.
మూడు డాలర్లు అన్నాను.
"దీనికి డబ్బులా?"
ఇన్నాళ్ళూ అది ఊరికే వచ్చిందనుకున్నాడు, పాపం.